ఆరుగురి కోర్సుకు ఇరవై మంది

ఐర్లండ్ వెళ్ళొచ్చినవాళ్ళు రాసే వాటిలో పచ్చటి కొండలుంటాయి, గొర్రెలుంటాయి, సముద్రం అంచున జుట్టు ఎగురుతూ నిలబడ్డ రచయిత ఫోటో ఉంటుంది. నేను ఆ దేశంలో రెండేళ్ళున్నాను. అక్కడ చేసిన ఒకే ఒక్క చెప్పుకోదగ్గ ప్రయాణంలో చూసినవి కొన్ని మీటింగు గదులు, ఒక ఆసుపత్రి కార్ పార్కు. దారిలో గొర్రెలు కనబడ్డ మాట నిజమే. నన్ను పట్టించుకోలేదు.

గాల్వే

కరోనా రెండో ఏడాది. ఫోన్లో టీకా సర్టిఫికెట్ చూపిస్తే గానీ హోటల్లో కూర్చోనిచ్చేవారు కాదు. నేను గాల్వేలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. చదవడమంటే ముగ్గురం పంచుకున్న గదిలో దుప్పటి కప్పుకుని, లాప్‌టాప్‌లో మా ప్రొఫెసర్ నుదురు చూడటం. ఆయనకు కెమెరా సర్దుకోవడం రాదు, చెప్పడానికి మాకు ధైర్యం లేదు. ఏడాది మొత్తం ఆ నుదురు దగ్గరే చదువుకున్నాను. గాల్వే అద్దెల గురించి చెబితే మీరు నమ్మరు, కాబట్టి చెప్పను. నా వాటా గదిలో కిటికీ వైపు. అందుకు నన్ను అదృష్టవంతుడనేవారు.

అలాంటి రోజుల్లో స్టూడెంట్స్ యూనియన్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. వేరే కాలేజీలో ఒక కోర్సును సమీక్షించే కమిటీకి విద్యార్థి సభ్యుడు కావాలట. భోజనం, హోటల్ గది వాళ్ళదే. హోటల్ గది అంటే తలుపున్న గది, అందులో నేనొక్కణ్ణే. వెంటనే ఒప్పుకున్నాను. నన్ను ఎంచుకున్నందుకు గర్వపడుతుండగా, దరఖాస్తు చేసింది నేనొక్కణ్ణేనని యూనియన్ అమ్మాయి చెప్పింది.

ఈ సమీక్ష సంగతి కాస్త చెప్పాలి. అక్కడ ప్రతి కోర్సునూ కొన్నేళ్ళకోసారి నిలబెట్టి, నువ్వింకా ఎందుకున్నావని అడుగుతారు. ముందు కాలేజీయే తన గురించి తాను ఒక లావుపాటి నివేదిక రాసుకుంటుంది. తర్వాత బయటినుంచి కమిటీ వస్తుంది. అందులో వేరే యూనివర్సిటీ ప్రొఫెసరు, ఆ రంగంలో పనిచేసే మనిషి, ఒక విద్యార్థి ఉంటారు. చదువుకునే వాడికి కూడా అందులో ఓటుంటుందని తెలిసి నేను కొంచెం భయపడ్డాను.

మాకు పడ్డ కోర్సు ఆసుపత్రి పరికరాల నిర్వహణలో ఎమ్మెస్సీ. వెంటిలేటర్లు, మందు ఎక్కించే పంపులు, గుండె మానిటర్లు పాడవకుండా చూసే చదువు. ప్రపంచమంతా వెంటిలేటర్ల పేరు జపిస్తున్న సమయంలో ఆ కోర్సులో ఉన్నది ఆరుగురు. నివేదిక చివర ఒక వాక్యముంది. కరోనా వల్ల ఆసుపత్రులు విద్యార్థులను రానివ్వడం మానేశాయి, ఒక విద్యార్థిని శిక్షణ మిగిలిపోయింది, కోర్సు మూసేస్తే ఆమెకు ఎమ్మెస్సీ రాదు, డిప్లొమా ఇచ్చి పంపేస్తారు. ఆమె పేరు రాయలేదు. ఇలాంటి నివేదికల్లో మనుషులకు పేర్లుండవు.

కార్లో

గాల్వే నుంచి డబ్లిన్‌కు, అక్కడినుంచి కార్లో అనే ఊరికి బస్సు. సీటు వదిలి సీటు కూర్చోమన్నారు. నా పక్క ఖాళీ సీటు మీద నా బ్యాగు నాకంటే సుఖంగా ప్రయాణం చేసింది. డబ్లిన్లో దిగి చికెన్ రోల్ కొన్నాను. మోచేయంత రొట్టె మధ్యలో వేయించిన కోడి ముక్కలు పెట్టి ఇస్తారు. నాలుగున్నర యూరోలు. ఆ డబ్బుతో ఖమ్మంలో ఇద్దరం బిర్యానీ తిని, ఎవరు బిల్లు కట్టాలని పోట్లాడుకోవచ్చు. వానలో నిలబడి, మాస్కు కిందకు లాగి కొరుకుతూ, లాగి కొరుకుతూ తిన్నాను. కళ్ళద్దాల మీద ఆవిరి పట్టి రోల్ ఎక్కడ అయిపోయిందో, వేలు ఎక్కడ మొదలైందో తెలియలేదు.

హోటల్ మర్నాటినుంచే కాబట్టి ఆ రాత్రికి మా బాబాయి స్నేహితుడు రఘు అంకుల్ ఇంట్లో దిగాను. ఆయన సాఫ్ట్‌వేర్. ఆఫీసు డబ్లిన్లోనే ఉన్నా, కరోనా వచ్చాక ఇంటినుంచే పని, అద్దె తక్కువని ఈ ఊరు చేరాడు. తలుపు తీసింది వాళ్ళ ఎనిమిదేళ్ళ అన్వి. నన్ను ఎగాదిగా చూసి, పక్కా ఐరిష్ యాసలో ఇంగ్లీషులో అడిగింది, "పరీక్ష పెట్టేది నువ్వేనా?"

"నేను కాదమ్మా, కమిటీ."

"నువ్వు కమిటీలా లేవు," అని లోపలికెళ్ళిపోయింది. ఈ ప్రయాణం మొత్తంలో నా గురించి ఎవరైనా ఇచ్చిన సూటి అభిప్రాయం అదే.

పద్మ ఆంటీ వంటింట్లోంచి కేకేసింది. "బాబూ, ఆ ప్రెస్సులో కంచాలుంటయ్, తియ్యి." ప్రెస్ అంటే అక్కడ అలమరా. ఆంటీ గుంటూరు తెలుగులో ఆ ఒక్క ఐరిష్ మాట ఇంటిమనిషిలా కూర్చుంది. దోసకాయ లేదని కీరదోసతో పప్పు చేసింది. బాగుందా అని అడిగితే చాలా బాగుందన్నాను. మనకు అది అలవాటు. ఇంకో గరిటె పడింది.

భోజనం దగ్గర అంకుల్ తన పాత కథ ఎత్తుకున్నాడు. ఇక్కడికి రాకముందు గుంటూరు పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేశాడట.

"ఇన్‌స్పెక్షన్ అంటే పెళ్ళేనయ్యా మాకు. గోడలకు సున్నం, గేటుకు పూలు. కంప్యూటర్లు చాలకపోతే పక్క కాలేజీ నుంచి లారీలో వచ్చేయి. మా దగ్గర అవ్వగానే అవే కంప్యూటర్లు ఇంకో కాలేజీకి. ఒకసారి ఇన్‌స్పెక్టర్ ఒక మానిటర్ మీద చెయ్యేసి, 'నిన్ను నిన్న చూశానే' అన్నాడు."

"అప్పుడేమైంది?"

"ఏమవుద్ది? అందరం నవ్వాం, ఆయనా నవ్వాడు. భోజనానికి లేచాం. ఇక్కడ కూడా అంతేనా?"

"ఇక్కడ సున్నం వేస్తే వానకు కారిపోతుంది అంకుల్."

ఆంటీ నవ్వలేదు. "మూసేస్తే ఆ పిల్లల సంగతేందిరా?" అంది. నేను నివేదికలో చివరి వాక్యం చెప్పాను. ఆమె కాసేపు పప్పు గిన్నెకేసి చూసి, "చూసి రాయి నాయనా," అంది. అప్పటిదాకా ఆ పని నాకు తలుపున్న గదిగా మాత్రమే కనబడింది. ఆ మాటతో పప్పు కూడా కొంచెం బరువెక్కింది.

పేరు చెప్పని ఊరు

కాలేజీ పేరూ, ఊరి పేరూ చెప్పను. కార్లోకూ వాటర్‌ఫోర్డ్‌కూ మధ్యలో ఉంటుందనుకోండి.

పొద్దున్నే డెక్లన్ కారులో వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. ఆయన వైద్య పరికరాల కంపెనీలో ఇంజనీరు, కమిటీలో రంగం తరఫు మనిషి. ముందు సీట్లో కమిటీ అధ్యక్షురాలు ఓర్లా. రిటైరవడానికి దగ్గరపడ్డ ప్రొఫెసర్. ఏడాదిన్నరగా ఇలాంటి సమీక్షలన్నీ కంప్యూటర్ తెర మీదే చేశానని, దీనికి మాత్రం మనుషుల్ని చూడాల్సిందేనని పట్టుబట్టానని చెప్పింది. మనుషుల్ని చూసే ఉత్సాహం ఆమె ముఖంలో కనబడలేదు. కళ్ళకింద నల్లటి సంచులు. ఎలా ఉన్నారంటే "గ్రాండ్" అంది. ఆ మాటకు అక్కడ గొప్పగా ఉన్నానని అర్థం కాదు, ఇక అడగొద్దని అర్థం.

ముందుగా కాలేజీ వైస్ ప్రెసిడెంట్ గారు తెర మీద ఒక పట్టిక చూపించారు. వాళ్ళ కోర్సులన్నీ వరసగా ఉన్నాయి. దరఖాస్తులు ఎన్ని వచ్చాయి, ఎందరు చేరారు, ఎందరు మధ్యలో మానేశారు, ఎందరికి ఉద్యోగాలొచ్చాయి అన్నదాన్ని బట్టి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. మన కోర్సు ఎరుపు.

"మా ప్రెస్ నిండిపోయింది," అన్నారావిడ. "కొత్త కప్పు పెట్టాలంటే పాత కప్పు తియ్యాలి. ఈ కోర్సంటే నాకు ఇష్టమే. కానీ దీనికి ముగ్గురు టీచర్లు కావాలి. ఆ ముగ్గురే వేరే కోర్సులో అరవై మందికి చెప్పగలరు."

ఆవిడ దుర్మార్గురాలు కాదు. అలసిపోయిన ఇల్లాలిలా మాట్లాడింది. కోర్సుల్ని నడపడమంటే పాఠాలు నడపడమనుకునేవాణ్ణి. చాలావరకు అది అలమరా సర్దడమని ఆ గదిలో అర్థమైంది. ఏది తీసినా ఎవరో ఒకరు దాంట్లోనే టీ తాగుతుంటారు.

విరామంలో నా మాస్కు తాడు తెగింది. కారులో ఇంకోటి ఉందని వెళ్ళి తెచ్చుకుని, తిరిగొస్తూ ఏదో తలుపులోంచి లోపలికొచ్చి దారి తప్పాను. నడవాలో ఒక అమ్మాయి ఎదురొచ్చింది. మెడలో కాలేజీ కార్డు, చేతిలో కాగితాలు, చాలా హడావుడి.

"తెలుగేనా?"

"అవునండీ."

"హమ్మయ్య. శ్రీకాంత్ రూమ్మేటేగా మీరు? ఇంత లేటా? రండి రండి."

కాదని చెప్పే లోపే వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టింది. నన్నెవరైనా తెలుగులో గదమాయించి చాలా నెలలైంది. వెంట నడిచాను. ఒక తరగతి గదిలో మూడో వరసలో కూర్చోబెట్టింది. గది దాదాపు నిండుగా ఉంది, ఇరవై మంది పైమాటే. ఆమె ముందుకెళ్ళి గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"అందరూ వినండి. వెనక రెండు వరసలు ఫస్ట్ సెమిస్టర్. ఏమడిగినా 'వెరీ గుడ్, వెరీ సపోర్టివ్' అనండి. ల్యాబ్ గురించడిగితే 'వెల్ ఎక్విప్డ్'. సార్ పేరు మార్టిన్, గుర్తుపెట్టుకోండి. ఫోన్లు లోపల. మీరు, మూడో వరస, ఆ నిద్రమొహం కాస్త తియ్యండి ప్లీజ్."

నిద్రమొహం నాది. నా పక్కనున్న కుర్రాణ్ణి ఏ కోర్సని అడిగాను.

"అకౌంటింగ్ బ్రో. నువ్వు?"

"నాకింకా చెప్పలేదు."

"స్రవంతి చెప్పుద్దిలే. తనకే పాపం ట్రైనింగ్ మిగిలిపోయింది. కోర్సు ఎత్తేస్తే సగం డిగ్రీతో బాపట్ల పోవాలంట."

నివేదికలో పేరులేని విద్యార్థిని అలా పేరుతో, ఊరితో నా ముందు నిలబడింది. నేను లేచి ఏదో చెప్పాలనుకున్నాను. అప్పుడే తలుపు తెరుచుకుని ఓర్లా, డెక్లన్, వెనక కోర్సు నడిపే మార్టిన్ వచ్చారు. మార్టిన్ గదిని చూసి గుమ్మంలో ఆగిపోయాడు. ఓర్లా నా వైపు చూసి చాలా మెల్లగా, "వంశీ, నీ కుర్చీ మా వైపు ఉందనుకుంటా," అంది.

లేచి ముందుకు నడిచాను. ఆ గదిలో అంత దూరం ఉంటుందనుకోలేదు. మాస్కు పైన స్రవంతి కళ్ళు మాత్రమే కనబడ్డాయి. చాలు, మిగతా ముఖం ఊహించుకోగలిగాను.

సమావేశం చక్కగా జరిగింది. అన్నీ వెరీ గుడ్, అందరూ వెరీ సపోర్టివ్. డెక్లన్ మూడో వరసకేసి చూసి, మీరు ఏ పంపు విప్పి చూశారని అడిగాడు. అకౌంటింగ్ కుర్రాడు ఛాతీ విరిచి, "ఆల్ పంప్స్ సర్," అన్నాడు.

"అన్నీనా? మెచ్చుకోవాలి," అన్నాడు డెక్లన్, రాసుకుంటూ.

తర్వాత భోజనం. విద్యార్థుల కోసం ఒక బల్ల మీద శాండ్‌విచ్‌లు పెట్టారు. ఆరుగురికి చెప్పినవి. మొదటి వరస దాటకుండానే అయిపోయాయి. లంచ్ ఉంటుందని వచ్చిన ఒకతను ఖాళీ పళ్ళెంకేసి చూసిన చూపు, ఆ రోజు ఆ గదిలో నేను చూసిన మొదటి నిజమైన అభిప్రాయం. ఓర్లా సూప్ తాగుతూ, "మంచి హాజరు," అంది. మార్టిన్ మళ్ళీ మళ్ళీ ఎర్రబడ్డాడు.

కారులో

కారు గేటు దాటాక ఓర్లా వెనక్కి తిరిగింది. "వంశీ, మాకిచ్చిన కాగితాల్లో ఆరుగురున్నారు. నాకు లెక్క వచ్చు. ఏమిటిది?"

చెప్పాను. ఇన్‌స్పెక్షన్ వస్తే మా దగ్గర చుట్టాలను పిలుస్తామని, లారీ కంప్యూటర్ల కథతో సహా చెప్పాను. డెక్లన్ నవ్వు ఆపుకోలేక కారు పక్కకు తీసి ఆపాడు. ఓర్లా నవ్వలేదు.

"మార్టిన్‌కు తెలుసా?"

"తెలియదు."

"నీకెలా తెలుసు?"

"తెలిస్తే శాండ్‌విచ్‌లు ఎక్కువ చెప్పేవాడు."

ఆ సాక్ష్యం ఆమెకు నచ్చినట్టుంది. కానీ అద్దంలోంచి కనబడ్డ ముఖం మాత్రం తేలికపడలేదు. "ఇది రాస్తే మార్టిన్ పని అయిపోతుంది. రాయకపోతే మన పని మనం చేయనట్టు. నిజానికి గదిలో ఎంతమందున్నారన్నది ఇక్కడ సమస్య కాదు. ఆరుగురున్న కోర్సుల్ని చాలా నిలబెట్టాను. వచ్చే ఏడాది విద్యార్థిని తీసుకునే ఆసుపత్రి ఉందా అన్నదే ప్రశ్న. ఆసుపత్రి లేకపోతే ఎమ్మెస్సీ లేదు. రేపు వాటర్‌ఫోర్డ్‌లో అడుగుదాం. విద్యార్థుల భాగం నువ్వే రాయి."

అంతకుముందు నేను రాసిన వాటిలో అతి బరువైనది ఇంటి ఓనరుకు హీటర్ గురించి రాసిన మెయిల్.

సాయంత్రం తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అడిగి నా నంబరు సంపాదించి స్రవంతే మెసేజ్ పెట్టింది. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క చిప్స్ కొట్టు దగ్గర కలిశాం. చిప్స్ అంటే లావుపాటి బంగాళదుంప ముక్కలు, వాటిమీద వెనిగర్ పోసిస్తారు. వద్దనకపోతే కాగితం మెత్తబడేదాకా పోస్తారు. నేను వద్దనలేదు.

"మీరు కమిటీ అని ముందే చెప్పొచ్చుగా," అంది స్రవంతి.

"నిద్రమొహం తియ్యమన్నారు. ఆ పనిలో ఉన్నాను."

ఆమె నవ్వబోయి మానేసింది. "వాళ్ళకు తెలిసిపోయిందా?"

"ఆరుగురని ముందే తెలుసండీ. మా దగ్గర కాగితం ఉంది."

"మరి ఎవరూ ఏమీ అన్లేదేం?"

"వీళ్ళు అనరు. మంచి హాజరు అంటారు. అదే తిట్టు."

ఒక చిప్ తీసి వెనిగర్ దులిపింది. తర్వాత, "మా కాలేజీలో ఇట్టాగే చేసేవాళ్ళు. అందరూ చేస్తారుగా?" అంది.

"అక్కడ చూసేవాళ్ళకూ తెలుసు, చూపించేవాళ్ళకూ తెలుసు. ఇద్దరూ కలిసి ఆడే నాటకం. ఇక్కడ మీరొక్కరే ఆడారు. వాళ్ళు టికెట్ కొనుక్కుని నిజమనుకుని కూర్చునే రకం."

"అంటే ఇరవై మందిని పోగేసింది వేస్టేనా?"

"వేస్టెందుకు? శాండ్‌విచ్‌లు అయిపోయాయి."

ఈసారి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. వెనిగర్ వల్లేనని ఇద్దరం ఒప్పుకున్నాం. ఆసుపత్రి సంగతి చెప్పాను. రేపు మార్టిన్ ఆమెను కూడా వాటర్‌ఫోర్డ్ తీసుకొస్తున్నాడట. "అడిగితే ఏం బాగుందో చెప్పకండి. ఏం బాలేదో చెప్పండి. ఇక్కడ అన్నీ బాగున్నాయంటే ఏదీ నమ్మరు," అన్నాను.

"సార్ ముందరా?" చిప్స్ పక్కన పెట్టేసింది. "లాక్‌డౌన్లో నాకు కోవిడ్ వస్తే ఆయన కూరగాయలు తెచ్చి గుమ్మంలో పెట్టి, కిటికీలోంచి చెయ్యూపి వెళ్ళేవాడు. నాకేం తినబుద్ధవుద్దో తెలీక అన్నీ క్యారెట్లే తెచ్చేవాడు. ఆయన మీద కంప్లైంట్ చెయ్యమంటారా?"

"ఆయన మీద కాదు. ల్యాబ్ మీద."

"ల్యాబ్ ఆయనదేగా."

హోటల్‌కు వెళ్ళి, ఎంతో ఆశపడ్డ తలుపు వేసుకుని, ఎంతో ఆశపడ్డ మంచం మీద పడుకుని, నిద్ర రాక పైకప్పు చూస్తూ ఉన్నాను. పైకప్పు కూడా ఎవరిదో నుదురులా ఉంది.

వాటర్‌ఫోర్డ్

వాటర్‌ఫోర్డ్‌లో పొద్దున బ్లా తినాలి. పిండి చల్లిన మెత్తటి తెల్లటి బన్ను, మధ్యలో గుడ్డో మాంసమో పెడతారు. తిన్నాక నల్లకోటు వేసుకున్నవాడు పిండిమిల్లు కార్మికుడిలా కనబడతాడు. నాది నల్లకోటే. ఆసుపత్రి పరికరాల విభాగాధిపతి బ్రీడా నన్ను చూసి చేసిన మొదటి పని, చేత్తో నా భుజం దులపడం. దూరం పాటించాల్సిన రోజులవి. ఆమెకు ఓపిక లేనట్టుంది.

లోపలికి బయటివాళ్ళను రానివ్వరు కాబట్టి కార్ పార్కులో ఒక తాత్కాలిక గదిలో కూర్చున్నాం. వాన రేకు మీద దరువేస్తోంది. బ్రీడా ఏడాదిన్నరగా సెలవు తీసుకోలేదని ఎవరూ చెప్పక్కర్లేదు. కూర్చోగానే కుర్చీ ఆమెను లాక్కుంది.

"ఆరుగురిని తీసుకోలేను," అంది మొదటే. "ముగ్గుర్ని కూడా. మా వాళ్ళే పడిపోయేలా ఉన్నారు. ఎవరికైనా నేర్పాలంటే నాకు పని పెరుగుతుంది."

మార్టిన్ తల దించుకున్నాడు. ఓర్లా ఏదో రాసుకుంది. అప్పుడు స్రవంతి చెయ్యెత్తింది, బళ్ళో పిల్లలా. ఆ గదిలో ఉన్నది ఆరుగురమే, చెయ్యెత్తక్కర్లేదు.

"నేనొకటి చెప్పాలి. నిన్న గదిలో ఉన్నవాళ్ళు మా కోర్సు కాదు. నా స్నేహితులు. సార్‌కు తెలియదు."

"తెలుసమ్మా," అంది ఓర్లా. "నాకు లెక్క వచ్చు."

స్రవంతి కూర్చోలేదు. ఒకసారి మార్టిన్‌కేసి చూసింది. ఇంగ్లీషులోనే మాట్లాడింది గానీ, బాపట్లలో పెద్దాయన ముందు నిలబడ్డట్టే చేతులు కట్టుకుంది. "ఇంకోటి. మా ల్యాబ్‌లో వెంటిలేటర్ పనిచెయ్యదు. వచ్చిన రోజు నుంచి పనిచెయ్యలేదు. రెండు సెమిస్టర్లు దాని బొమ్మ చూసి నేర్చుకున్నాం. పంపులు మూడున్నాయి, మూడూ పాతవి. నేను బాపట్ల ఆసుపత్రిలో మూడేళ్ళు పనిచేశాను. అక్కడ విప్పినన్ని పంపులు ఇక్కడ విప్పలేదు. సార్ పాఠం మాత్రం... పాఠం నిజంగానే బాగుంటుంది. కానీ నాకు ఆసుపత్రి కావాలి."

నేను నేల చూపులు చూశాను. నిన్న అంత తేలిగ్గా చెప్పిన సలహా ఈ రోజు గదిలో ఇంత జాగా ఆక్రమిస్తుందనుకోలేదు. తన గురువు ముందే ఆమె కోర్సు గొంతు మీద కాలు పెట్టింది. మూసేయాలనుకున్న వాళ్ళకు అంతకంటే మంచి కారణం దొరకదు.

బ్రీడా ముందుకు వంగింది. "ఏ వెంటిలేటర్? బూడిద రంగుది, పక్కన గీత పడ్డది?"

"అవును."

"అది మేమిచ్చిందే. చచ్చాకే ఇచ్చాం." మార్టిన్‌కేసి తిరిగింది. "మార్టిన్, బతికున్నది కావాలని ఒక్కసారి అడగలేకపోయావా?"

"మీరు పనిలో ఉన్నారని..." అన్నాడు మార్టిన్.

"ఉన్నాను. అయినా అడగాలి." తర్వాత స్రవంతిని అడిగింది. "బాపట్లలో పంపు తప్పు రేటు చూపిస్తే ముందేం చూసేదానివి?"

అక్కడినుంచి ఆ ఇద్దరూ మాట్లాడుకున్న దాంట్లో నాకు అర్థమైనవి 'ట్యూబ్', 'బ్యాటరీ', ఇంకా నవ్వు. డెక్లన్ మధ్యలో రెండుసార్లు దూరబోయి, దారి దొరక్క తిరిగొచ్చాడు. చివరికి బ్రీడా లేచి, "ఒక్కరు. ఈ అమ్మాయి అయితే. జనవరి నుంచి," అంది. నేర్పాల్సిన పని పెరుగుతుందన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

మధ్యాహ్నం అక్కడే ఒక హోటల్ లాబీలో, సూప్, గోధుమరొట్టె ముందు పెట్టుకుని మేం ముగ్గురం తేల్చాం. నేను నా భాగం చదివాను. విద్యార్థులకు టీచర్ల మీద నమ్మకముంది, దాన్ని చూపడానికి అతిగా ప్రయత్నించారు, ఆ ప్రయత్నం కాలేజీకి తెలియకుండా జరిగింది, ల్యాబ్ మాత్రం పనికిరాదు, ఆ మాట విద్యార్థినే చెప్పింది. ఓర్లా చదివి, 'అతిగా' తీసేసి 'చాలా' అని పెట్టి, కాసేపాగి మళ్ళీ 'అతిగా' అనే రాసింది.

తర్వాత మార్టిన్‌నూ స్రవంతినీ పిలిచి, వాతావరణ సూచన చదివినట్టు నిర్ణయం చెప్పింది. వచ్చే ఏడాది కొత్తవాళ్ళను చేర్చుకోకూడదు. పనిచేసే పరికరాలు, ఆసుపత్రితో రాతపూర్వక ఒప్పందం వచ్చాకే మళ్ళీ తలుపు తీయాలి. ఇప్పుడున్న వాళ్ళు అందరూ పూర్తి చేసేదాకా కోర్సు నడవాలి, చివరికి ఒక్కరే మిగిలినా సరే.

"అంటే సార్?" స్రవంతి మార్టిన్‌ను చూసింది. "నా వల్ల..."

మార్టిన్ మాస్కు సరిచేసుకున్నాడు. "నాలుగేళ్ళుగా ఆ మెషిన్‌కు దుమ్ము తుడుస్తున్నాను. పనిచేస్తున్నట్టే ఉండేది," అన్నాడు. తర్వాత, "ఇట్స్ గ్రాండ్, స్రవంతి," అన్నాడు. అక్కడ రెండేళ్ళలో ఆ మాట ఎన్నోసార్లు విన్నాను, ఎప్పుడూ ఒకటే అర్థం. ఆ రోజు మాత్రం అందులో ఎంత గ్రాండ్ ఉందో, ఎంత లేదో తేల్చుకోలేకపోయాను. ఆయన కాలేజీ వైపు, డెక్లన్ కంపెనీ వైపు, ఓర్లా ఇంకో సమీక్ష వైపు వెళ్ళిపోయారు. పట్టికలో ఎరుపు గడి అలాగే ఉంటుంది. దానిలో ఒకరు మాత్రం కూర్చుని చదువుకుంటారు.

తిరుగు బస్సు

స్రవంతీ నేనూ ఒకే బస్సెక్కాం. తనను తెచ్చిన మార్టిన్ కారులోనే తిరిగి వెళ్ళడానికి ఆమెకు ముఖం చెల్లలేదు. ఆమె మధ్యలో దిగాలి, నేను డబ్లిన్ దాకా. ఆసుపత్రి నుంచి బయల్దేరేముందు బ్రీడా ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ పెట్టింది. రిటైర్ చేసి, శుభ్రం చేసి మూల పడేసిన పంపు. జబ్బేమిటో కనుక్కుని రమ్మంది.

నేను కిటికీకి తల ఆనించి కళ్ళు మూశాను. ఆ మూడు రోజుల్లో సరిగ్గా నిద్రపోలేదు. దానికి ముందు ఏడాదిన్నర కూడా.

"వంశీ గారూ, స్క్రూ డ్రైవర్ ఉందా?"

"నేను స్టూడెంట్ మెంబర్‌ని అండీ, కార్పెంటర్‌ని కాదు."

ఆమె లేచి డ్రైవర్ దగ్గరికెళ్ళింది. ఆయన తన పెట్టెలోంచి ఒకటి తీసిచ్చి, ఆమె దిగేలోపు ఇచ్చెయ్యాలని గట్టిగా చెప్పాడు. ఒళ్ళో పంపు పెట్టుకుని, ఒక్కో స్క్రూ విప్పి, బ్యాగులోంచి తీసిన ఇంకో మాస్కు మడతలో దాచుకుంటోంది. నడవాకు అవతల కూర్చున్న పెద్దావిడ అల్లిక ఆపి చూస్తోంది.

"బాగైపోతుందా తల్లీ?" అని అడిగింది.

"లేదండీ," అంది స్రవంతి తలెత్తకుండా, ఎంతో సంతోషంగా. "మోటార్ పోయింది. బ్యాటరీ కూడా."

అప్పుడే బస్సు మలుపు తిరిగింది. ఒళ్ళో మాస్కు జారి స్క్రూలన్నీ నేలమీద పడి నాలుగు దిక్కులా దొర్లాయి. పెద్దావిడ వంగింది. వెనక సీట్లో కుర్రాడు హెడ్‌ఫోన్లు తీసి వంగాడు. దూరం పాటించాల్సిన ప్రయాణికులంతా సీట్ల కింద తలలు పెట్టి వెతకడం మొదలుపెట్టారు. నేను కూడా మోకాళ్ళ మీదకు దిగాను. ఒకటి తప్ప అన్నీ దొరికాయి. ఆ ఒక్కటీ నా బూటు కింద ఉంది.

ఆమె దాన్ని చున్నీతో తుడిచి బిగించింది. పంపును ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మళ్ళీ విప్పడం మొదలుపెట్టింది.